బావి దగ్గర జారిపోయిన మాట
(పల్లె పాఠాలు – 11)

గత వారం మన పల్లెల్లో సమాధుల దొడ్డి గొడవల గురించి రాశాను. ఈ వారం ఇంకాస్త ఇబ్బందైన విషయం. రాస్తే మనవాళ్లకి కోపం వస్తుంది. రాయకపోతే మన పిల్లలకి నష్టం జరుగుతుంది. పిల్లల నష్టం కన్నా పెద్దల కోపమే నయం అనుకుని రాస్తున్నా.

చలికాలం మొదలైందంటే చాలు, కోస్తా జిల్లాల్లో హైవే పక్కనున్న బైబిల్ స్కూళ్ల గేట్లకి కొత్త ఫ్లెక్సీలు పడతాయి. అమెరికా నుంచో, కొరియా నుంచో, ఆస్ట్రేలియా నుంచో ఒక టీము దిగుతుంది. ఎనిమిది మంది, పది మంది. వారం పది రోజులుంటారు. ఉదయం క్లాసులు, సాయంత్రం పల్లెల్లో కూటాలు, మధ్యలో ఒకరోజు చీరల పంపిణీ, ఒకరోజు కుట్టుమిషన్లు, చివర్లో గ్రూపు ఫొటో. వాళ్లు దీన్ని షార్ట్ టర్మ్ మిషన్ అంటారు. మన పల్లెలో మాత్రం "దొరలొచ్చారు" అంటారు. నూటయాభై ఏళ్లు గడిచినా ఆ మాట మారలేదు.

ముందే ఒకటి చెప్పాలి. "విదేశీ డబ్బు, మతమార్పిడి" అని రోజూ అరిచే పెద్దమనుషులు ఇందులోంచి ఒక పేరా కోసుకుని తమ గోడల మీద అంటించుకోవచ్చు. అంటించుకోండి. కానీ మా తాతలు మీ గుడి మెట్లు ఎక్కలేని రోజుల్లో ఎవరు అక్షరం పెట్టారో, ఎవరు మా గుడిసెలోకి వంగి వచ్చారో మాకు గుర్తుంది. మా తాత బైబిల్ స్కూల్లో చదివిన పాస్టరు. మా నాయనమ్మ బైబిల్ ఉమన్‌గా పన్నెండు పల్లెలు కాలినడకన తిరిగింది. నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశానంటే దాని మొదటి అక్షరం ఆ స్కూలు అరుగు మీద పడింది. కాబట్టి ఈ విమర్శ ఇంట్లోంచి ఇంటికోసం చేస్తున్నది. బయటివాళ్లకి ఇందులో వాటా లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఆ పది రోజుల్లో, వచ్చినవాళ్ల ఇంగ్లిషుకీ మన పిల్లల తెలుగుకీ మధ్యలో, "కులం" అనే మాట జారి పడిపోతోంది. అది ఊరికే పడటం లేదు. పడితే బాగుండు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దాని ఖరీదు మాత్రం ఆ హాల్లో కింద చాపల మీద కూర్చున్న పిల్లలే కడుతున్నారు.

ఇది నేను వినికిడి మీద చెప్పడం లేదు. ఒక చలికాలం, చీరాలకీ ఒంగోలుకీ మధ్యనున్న ఒక చిన్న బైబిల్ స్కూల్లో నాలుగు రోజులు అనువాదకురాలిగా పనిచేశాను. కాలేజీకి సెలవలు. ఇంగ్లిషు వచ్చిన తెలుగు లెక్చరర్ కావాలన్నారు, వెళ్లాను. నలభై మంది దాకా విద్యార్థులు. సగానికి పైగా మాదిగ పిల్లలు, తర్వాత మాలలు, నలుగురైదుగురు యానాదులు. ఇంటర్ తప్పినవాళ్లు, డిగ్రీ పాసై ఉద్యోగం రానివాళ్లు, నాన్న పోయి అమ్మ కూలికి పోతుంటే తిండికీ చదువుకీ కలిసొస్తుందని వచ్చినవాళ్లు. అందరూ భక్తిగలవాళ్లే. అందరూ ఆకలి తెలిసినవాళ్లే.

పాఠం చెప్పిన పెద్దాయనకి డెబ్భై దాటాయి. అమెరికాలో స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యాడు. సొంత పింఛను డబ్బులతో వచ్చాడు. మంచి మనిషి. దోమలు కుట్టినా, కరెంటు పోయినా విసుక్కోలేదు. ఆ రోజు పాఠం యోహాను సువార్త నాలుగో అధ్యాయం. బావి దగ్గర సమరయ స్త్రీ కథ. ఆయన పాఠమంతా ఆమె అయిదుగురు భర్తల మీద, ఆమె పాపం మీద, ఆమె ఆత్మదాహం మీద నడిచింది. తెర మీద ఒక అందమైన బావి బొమ్మ.

ప్రశ్నలుంటే అడగమన్నారు. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, అయ్యగారిని ఒక మాట అడగండి. ఆమె ముందు పాపం గురించి మాట్లాడలేదు కదా. ముందు కులం గురించే కదా అడిగింది. మా గిన్నెలో నీళ్లు మీరు తాగుతారా అన్నట్టే కదా అది. మరి పాఠంలో ఆ మాటే లేదేంటి?"

నలభై మందీ ఒక్కసారి తలెత్తారు. స్కూలు పెద్దాయన పక్కనుంచి నాకు చెయ్యి ఊపాడు, క్లుప్తంగా కానివ్వమని. నేను క్లుప్తం చెయ్యలేదు. ఆ అమ్మాయి అడిగింది అడిగినట్టు, "కులం" అన్నచోట "కాస్ట్" అనే చెప్పాను. ఆయన ఆలోచించి, మంచి ప్రశ్న అన్నాడు. ప్రతి దేశంలోనూ విభజనలుంటాయి, మా దేశంలోనూ ఉన్నాయి, క్రీస్తులో అందరం ఒక్కటే అన్నాడు. తర్వాత స్లైడు మారింది.

ఆ హాలు నుంచి కారంచేడుకి గంట ప్రయాణం కూడా లేదు.

నేను పుట్టకముందు సంగతి, అయినా మా ఇళ్లల్లో నిన్న జరిగినట్టే చెప్పుకుంటారు. 1985 జులై 16. మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గేదెలకి కుడితి పెట్టిన బకెట్లు కడుగుతుంటే, తాగే నీళ్లలో ఇదేంటని మనవాళ్లు అడిగారు. అడిగినవాళ్ల మీద చర్నాకోల లేచింది. నీళ్లకొచ్చిన ఒక ఆడమనిషి తన బిందె ఎత్తింది. ఆమె పేరు మున్నంగి సువార్తమ్మ. మర్నాడు, జులై 17 పొద్దున, పల్లె మీద పడి ఆరుగురు మాదిగల్ని వెంటాడి చంపారు. చనిపోయినవాళ్లలో మోషే అనే పేరుంది. తర్వాత సాక్షిగా నిలబడినందుకు ప్రాణం పోగొట్టుకున్న తల్లి పేరు అలీసమ్మ. బతికినవాళ్లు చీరాలకి పరుగెత్తి అక్కడే విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. ఆ రక్తంలోంచే దళిత మహాసభ పుట్టింది.

ఆ పేర్లు ఇంకోసారి చదవండి. సువార్త, మోషే, అలీసమ్మ. బైబిల్ స్కూల్లో తెర మీద వెలిగే పేర్లన్నీ ఆ చెరువు గట్టు మీదే ఉన్నాయి. నీళ్ల దగ్గర నిలబడిన స్త్రీ కథ చెప్పడానికి ఒక మనిషి వేల మైళ్లు ఎగిరొచ్చాడు. గంట దూరంలో నీళ్ల దగ్గర నిలబడిన స్త్రీ గురించి ఆయనకి ఒక్కరూ చెప్పలేదు.

టీ దగ్గర నేను చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టేశాడు. "నాకెవరూ ఈ మాట చెప్పలేదు" అన్నాడు. చూడ్డానికి వెళ్లొచ్చా అని అడిగాడు. ప్రోగ్రాం నిండిపోయిందని స్కూలువాళ్లు అన్నారు. ఖాళీ రోజున వ్యాన్ చీరాల మీదుగా సూర్యలంక బీచికి వెళ్లింది.

ఇక్కడ ఆయన్ని తిట్టడం సులభం. నాకు ఆయన మీద కోపం లేదు. రాకముందు ఆయనకిచ్చిన కాగితాల్లో మన వాతావరణం ఉంది, కారం సంగతి ఉంది, ఎడమచేత్తో ఏదీ ఇవ్వకూడదని ఉంది. కులం లేదు. ఎందుకు లేదు? స్కూలు నడిపేవాళ్లకి అది ఇంటి గుట్టు. కులం బయటపెడితే, మన సంఘాల్లో మాల చర్చి, మాదిగ చర్చి వేరువేరుగా ఎందుకున్నాయో చెప్పాలి. రెడ్డి పాస్టరు గారి అబ్బాయికి రెడ్ల సంబంధమే ఎందుకు చూశారో చెప్పాలి. ట్రస్టు బోర్డులో ఎవరి ఇంటిపేర్లున్నాయో చెప్పాలి. అందుకని అతిథికి "పేదవాళ్లు" అని చెబుతారు. పేదవాడు అంటే జాలి పుడుతుంది, చెక్కు వస్తుంది. అంటరానివాడు అంటే ఎవరు అంటరానివాణ్ణి చేశారు అనే ప్రశ్న వస్తుంది.

అతిథికి కూడా ఆ మాట లేకపోతేనే హాయి. పేదరికం ఆయనకి తెలుసు, దానికి ఆయన దగ్గర మందుంది. కులానికి పది రోజుల్లో మందు లేదు.

తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి భాష సంగతి ఇంకొకటి. మన పల్లె పాస్టర్ల ప్రసంగం వినండి. సగం వాక్యం చెప్పి ఆగుతారు. మళ్లీ సగం చెప్పి ఆగుతారు. పక్కన అనువాదకుడు లేకపోయినా ఆగుతారు. అతిథుల ప్రసంగాలు వినీ వినీ, అనువాదం కోసం ఆగే ఆ ఆగడమే మనవాళ్లకి ప్రసంగ శైలి అయిపోయింది. మా నాయనమ్మ అట్లా చెప్పేది కాదు. ఆమె ఏసయ్య కథ చెబితే అందులో చెప్పులు కుట్టే ఆరె ఉండేది, దొడ్లో బర్రె ఉండేది, ఊరి మునసబు ఉండేవాడు. ఆమె చదివింది అయిదో తరగతి. ఆమె చెప్పిన కథలో కులం జారిపోయేది కాదు, ఎందుకంటే మధ్యలో ఎవరూ అనువదించలేదు.

ఇప్పుడు అసలు నష్టం గురించి. పాఠంలో కులం జారిపోతే అది జ్ఞానానికి నష్టం. కెమెరా ముందు జారిపోతే బతుక్కే నష్టం.

మూడో రోజు సాయంత్రం సాక్ష్యాల వీడియో తీశారు. ఒక్కొక్కర్ని చెట్టు కింద కూర్చోబెట్టి పేరు, ఊరు, ఎట్లా రక్షణ పొందారు అని అడిగారు. ఒక కుర్రాడు మొదలుపెట్టాడు, "మా ముత్తాత కాలం నుంచీ మేం బాప్టిస్టులం." అట్లా కాదు తమ్ముడూ, నువ్వు మారిన సంగతి చెప్పు అన్నారు పక్కనున్నవాళ్లు. మూడు తరాల విశ్వాసికి మారిన కథ ఎక్కడినుంచి వస్తుంది? వాడు ఏదో అల్లి చెప్పాడు. తెర కింద ఇంగ్లిషులో రాసే మాట ముందే ఒక కాగితం మీద సిద్ధంగా ఉంది: పూర్వం హిందువు, ఇప్పుడు క్రైస్తవుడు. పేరుతో సహా, ఊరితో సహా.

అది ఇంటర్నెట్‌లోకి వెళితే ఏమవుతుందో ఆ టీములో ఎవరికీ తెలియదు. ఈ దేశంలో 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటుంది. అందులో మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్నీ ముస్లింలనీ బయటే ఉంచారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, ఒక్క శాతం రిజర్వేషన్. 2025లో ఏపీ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి మారినవాడు ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద రక్షణ అడగలేడని చెప్పి, నిందితుల మీద కేసు కొట్టేసింది. అతని దగ్గర కుల సర్టిఫికెట్ ఉన్నా సరే. అంటే ఊళ్లో కులం పేరుతో తిట్టి కొట్టినవాడికి కులం గుర్తుంటుంది, కోర్టుకొచ్చేసరికి మాత్రం ఆ కులం ఉండదు.

ఇది అన్యాయమని మనం అంటున్నాం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ మూడో పేరా తీసెయ్యమని చెప్పింది. 2023లో ఏపీ అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మన పోరాటం నడుస్తోంది. బాప్తిస్మం నీళ్లల్లో పాపం పోతుందని మనం నమ్ముతాం, కులం పోయిందని మాత్రం ఊళ్లో ఎవడూ నమ్మడు. మా చెంబు వేరుగానే ఉంది. మా సమాధుల దొడ్డి వేరుగానే ఉంది. "మతం మారి రెండువైపులా తింటున్నారు" అనేవాళ్లకి నా జవాబు ఇదే: ముందు ఆ రెండో గ్లాసు పగలగొట్టి రండి, తర్వాత సర్టిఫికెట్ గురించి మాట్లాడదాం.

అయితే చట్టం మారేదాకా ఆ చెట్టు కింద కూర్చున్న కుర్రాడి పరిస్థితేంటి? రేపు వాడు గ్రూప్-4 రాస్తాడు. వాడి చెల్లెలు గురుకులంలో సీటుకి పోతుంది. వాళ్ల అమ్మని ఎవడో కొడితే పోలీస్ స్టేషన్‌కి పోతుంది. అప్పుడు ఎదుటివాడి లాయరు ఫోన్ తీసి ఆ వీడియో చూపిస్తే? పది రోజులకొచ్చిన మనిషి అప్పటికి తన ఊళ్లో తన మంచంలో నిద్రపోతూ ఉంటాడు. టూరిస్టు వీసా మీద వచ్చి మతప్రచారం చెయ్యకూడదని మన దేశ నిబంధన, మిషనరీలకి వేరే వీసా ఉంది. అది మీరినా అంతే. వచ్చినవాణ్ణి విమానం ఎక్కించి పంపుతారు. కేసు, స్టేషను, వాయిదాలు ఇక్కడున్న పాస్టరుకి మిగులుతాయి. ఎవరి విశ్వాసం వాళ్లు చెప్పుకునే హక్కుని నేను కాదనడం లేదు. ఆ హక్కు ఆ కుర్రాడిది. ఏం నష్టం రావచ్చో వాడికి చెప్పకుండా, వాడి పేరూ ఊరూ లోకానికి చూపించే హక్కు అతిథికీ లేదు, ప్రిన్సిపాల్‌కీ లేదు.

"దొరలంతా ఇంతే" అని కొందరు మిత్రులు తేల్చేస్తారు. మన చరిత్ర అట్లా చెప్పడం లేదు. 1866లో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ల వ్యాపారం చేసుకునేవాడు, తనంతట తానే వెతుక్కుంటూ పోయి జాన్ క్లౌ దొర దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. తాళ్లకొండపాడు చుట్టుపక్కల ఆ మాట పాకింది పేరయ్య నోటి నుంచి, మాదిగ చుట్టరికాల దారిలో. ఒంగోలులో పైకులాలవాళ్లు దొర దగ్గరికొచ్చి, మాదిగల్ని చేర్చుకుంటే మేం రాము అన్నారు. దొరా, దొరసానీ ఆలోచించుకుని మాదిగల వైపు నిలబడ్డారు. ఆ రోజు వాళ్లు కులం అనే మాటని జారవిడవలేదు.

1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకి కూలి చూపించాడు. కూలి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన తెలుగు నేర్చుకున్నాడు, దశాబ్దాల పాటు ఈ నేల మీద ఉన్నాడు. రామాపట్నంలో బైబిల్ చదువు మొదలైంది ఆ కాలంలోనే. ఊరి బడి గడప తొక్కనివ్వని పిల్లలు అక్కడ అక్షరం పట్టుకున్నారు.

ఆ దొరల్లో లోపాలు లేవా అంటే, ఉన్నాయి. పుస్తకాల్లో క్లౌ పేరు పెద్దగా ఉంటుంది, పేరయ్య పేరు వెతుక్కోవాలి. ఆ లోపాన్ని పట్టి చూపినవాడు కూడా మన నేల మీద పనిచేసినవాడే. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తమిళ దేశం తిరునెల్వేలి ప్రాంతం నుంచి దోర్నకల్‌కి వచ్చి, తెలుగు నేర్చుకుని, మాల మాదిగ పల్లెల్లో తిరిగాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో వెయ్యిమందికి పైగా తెల్లవాళ్ల ముందు నిలబడి ఆయన అడిగింది డబ్బు కాదు. మీ త్యాగాలకి కృతజ్ఞులం, మాకు స్నేహితులు కూడా కావాలి అన్నాడు. స్నేహం అంటే పక్కన కూర్చోవడం, ఇంటికి రావడం, నా కష్టం పేరు అడిగి తెలుసుకోవడం. నూరేళ్లు దాటినా ఆ అర్జీ ఇంకా పెండింగులోనే ఉంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. అమెరికాలో రాబర్ట్ వుత్‌నౌ అనే సామాజిక శాస్త్రవేత్త ఏడాదికి సుమారు 16 లక్షల మంది ఇట్లా దేశం దాటి వెళుతున్నారని అంచనా వేశాడు. 1998లో మిచ్ తుపాను తర్వాత హోండురాస్‌లో కట్టిన ఇళ్లని కర్ట్ వెర్ బీక్ అనే పరిశోధకుడు చూశాడు. ఉత్తర అమెరికా టీములు వెళ్లి కట్టిన ఇల్లు, ప్రయాణ ఖర్చులు కలుపుకుని, సుమారు 30 వేల డాలర్లు. స్థానికులు కట్టింది 2 వేల డాలర్లు. ఆ ఇళ్లల్లో ఉన్నవాళ్లకి రెండింటికీ పెద్ద తేడా కనిపించలేదు.

మన లెక్కా అంతే. ఎనిమిది మంది విమానం టికెట్లు తలా లక్షా ఇరవై వేలు వేసుకున్నా తొమ్మిదిన్నర లక్షలు. ఆ స్కూల్లో ఏడాది పొడుగూ పాఠం చెప్పే తెలుగు టీచరుకి నెలకి పన్నెండు వేలు. అది కూడా మూడు నెలలుగా రాలేదు. ఒక్క టీము రాకపోకల ఖర్చుతో ఆరుగురు టీచర్లకి ఏడాది జీతం ఇవ్వొచ్చు. ఆ టీచరు ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా లేదు. ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని 2020లో బిగించాక, ఒక సంస్థకి వచ్చిన విదేశీ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వడం కుదరదు. పెద్ద సంస్థల మీద ఆధారపడ్డ చిన్న స్కూళ్ల పొయ్యిలు ఆరిపోయాయి. అందుకే అతిథి వచ్చిన పది రోజుల్లో స్కూలువాళ్లు ఆయన మొహం చూసి మాట్లాడతారు. వాళ్ల భయం నాకు తెలుసు. కానీ మన భయానికి మన పిల్లల పేర్లని తాకట్టు పెట్టకూడదు.

మరి అసలు రావద్దంటావా అని అడుగుతారు. రమ్మంటాను. చుట్టాన్ని వద్దనే పల్లె మనది కాదు. అయితే వచ్చే ముందు కొన్ని పనులు చెయ్యమంటాను.

పిలిచేవాళ్లారా, అతిథికిచ్చే కాగితంలో కారం సంగతితో పాటు కులం సంగతి రాయండి. మొదటి రోజు క్లాసు ఆయన చేత చెప్పించకండి, ఆయన్ని చాప మీద కూర్చోబెట్టి మన పిల్లల చేత చెప్పించండి. చీరాల విజయనగర్ కాలనీకి తీసుకెళ్లండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది మాలల్ని చంపిన చుండూరులో, వాళ్లని పాతిపెట్టిన రక్తక్షేత్రానికి తీసుకెళ్లండి. బీచి తర్వాత చూడొచ్చు. పాఠ్యప్రణాళికలో రోమా పత్రికతో పాటు 1950 ఉత్తర్వు, అట్రాసిటీ చట్టం పెట్టండి. మన పాస్టరు పల్లెలో మొదటి లాయరు, మొదటి టీచరు, మొదటి డాక్టరు. వాడికి ఎఫ్‌ఐఆర్ రాయించడం రాకపోతే ఎట్లా?

అనువాదం చేసే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ చేతిలో మైకు ఉంది. పిల్లవాడు కులం అంటే కులం అనే చెప్పండి. ఇబ్బంది పడేవాణ్ణి పడనివ్వండి.

విద్యార్థులారా, వీడియోలో పేరూ ఊరూ చెప్పే ముందు అది ఎక్కడ పెడతారో అడగండి. వద్దంటే వద్దనండి. మీ సాక్ష్యం దేవుడి ముందు ఇప్పటికే ఉంది.

వచ్చే స్నేహితులారా, మీ చర్చి వెబ్‌సైట్ నుంచి మా పిల్లల పేర్లు తీసెయ్యండి. చట్టప్రకారం రిజిస్టరైన దారిలో ఇక్కడి టీచరు జీతం నిలబెట్టండి. అన్నిటికన్నా పెద్ద పని మీకు మీ ఊళ్లోనే ఉంది. మా ఊళ్లో మమ్మల్ని దూరం పెట్టినవాళ్ల పిల్లలు ఇప్పుడు మీ ఆఫీసుల్లో, మీ వీధుల్లో ఉన్నారు. వాళ్లతో పాటు మా పిల్లలూ అక్కడికొచ్చారు, ఇంటిపేరు దాచుకుని బతుకుతున్నారు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ ఇట్లాంటి బిల్లు పాస్ చేస్తే గవర్నర్ వీటో చేశాడు. ఆ రోజుల్లో మా బైబిల్ స్కూళ్లకొచ్చి వెళ్లిన వేలమందిలో ఎంతమంది నోరు విప్పారు? మీ కౌన్సిల్ మీటింగులో లేచి, నేను ఆ పల్లెలకి వెళ్లాను, ఆ కులం ఇక్కడా ఉంది అని ఒక్క మాట చెప్పండి. అది పది రోజుల పని కూడా కాదు. మూడు నిమిషాల పని.

బావి దగ్గర ఆ స్త్రీ ముందు నీళ్ల గురించీ, కులం గురించీ మాట్లాడింది. ఆయన ఆమె మాట దాటెయ్యలేదు. కూర్చుని విన్నాడు. ఆమె చేతి నీళ్లు అడిగాడు. ఆమె ఊళ్లోవాళ్లు ఉండమంటే రెండు రోజులు వాళ్ల ఇళ్లల్లో ఉన్నాడు. ఆయనదీ షార్ట్ టర్మ్ విజిటే. రెండు రోజులు కూడా సరిపోతాయి, ఎవరి గిన్నెలో తాగుతున్నామో తెలిసి తాగితే.

వచ్చే వారం మన చర్చిల్లో పెళ్లి సంబంధాల గురించి. అప్పుడు ఇంకా ఎక్కువ మందికి కోపం వస్తుంది.

జై భీమ్.